వెనిస్ నుంచి ఒక్క రోజు: అమ్మానాన్నలను పాదోవా బజారుకు తీసుకెళ్ళొచ్చా?

తణుకు_సుధ | సెప్టెంబరు 22, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేము మ్యూనిక్‌లో ఉంటాం. దసరా వెళ్ళాక అమ్మానాన్నలు మొదటిసారి మా దగ్గరికి వస్తున్నారు. అక్టోబరు రెండో వారంలో వెనిస్ పక్కన మేస్త్రెలో మూడు రాత్రులు బుక్ చేశాం. రెండు రోజులు వెనిస్‌కి సరిపోతాయి. మిగిలిన ఒక్క రోజు ఎటు వెళ్ళాలా అన్నదే ప్రశ్న.

నాన్నగారికి 71. తణుకులో ముప్పై నాలుగేళ్ళు కిరాణా కొట్టు నడిపారు. ఏ ఊరు వెళ్ళినా ముందు బజారు చూడాలంటారు. గుళ్ళూ గోపురాలూ తర్వాత. అమ్మ శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, రెండు కిలోమీటర్లు దాటితే కష్టం. కిందటి వేసవిలో అత్తయ్యా మావయ్యలను రోమ్ తీసుకెళ్తే, మూడో చర్చి దగ్గరికి వచ్చేసరికి మావయ్యగారు బెంచీ మీద కూర్చుండిపోయారు, ఇక లేవలేదు. ఈసారి అలా కాకూడదని నా టెన్షన్.

పాదోవాలో ఎనిమిది వందల ఏళ్ళ నాటి బజారు చౌక్ ఇప్పటికీ నడుస్తోందని విన్నాను. చూసినవాళ్ళు చెప్పండి. ఒక రోజు పెట్టేంత ఉందా?

---

పాదోవా_పవన్ | సెప్టెంబరు 22, రాత్రి 10:25

అక్కా, తప్పకుండా రండి. నేను ఇక్కడే ఎమ్మెస్ రెండో ఏడు చదువుతున్నా. ఇక్కడి యూనివర్సిటీలో మన తెలుగువాళ్ళం బాగానే ఉన్నాం. కూరగాయలకు నేను వారానికి రెండుసార్లు ఆ బజారుకే వెళ్తాను.

అది నిజానికి ఒక చౌక్ కాదు, రెండు. మధ్యలో పలాజ్జో దెల్లా రజోనె అనే పెద్ద భవనం ఉంటుంది. దానికి ఒక పక్క పియాజ్జా దెల్లె ఎర్బె, అంటే ఆకుకూరల చౌక్. రెండో పక్క పియాజ్జా దెల్లా ఫ్రుత్తా, పళ్ళ చౌక్. భవనం అడుగున మాంసం, చీజు, చేపల కొట్లు వరసగా ఉంటాయి. ఆ భాగాన్ని సోత్తో ఇల్ సలోనె అంటారు, అంటే 'హాలు కింద' అని. పైన హాలు, కింద కొట్లు, చుట్టూ సంత. పొద్దున్నే వెళ్తే ఊరంతా అక్కడే కనిపిస్తుంది.

టైమింగ్ మాత్రం ముఖ్యం. మామూలు రోజుల్లో మధ్యాహ్నం ఒంటిగంటా ఒంటిగంటన్నరకు బల్లలు సర్దేస్తారు. శనివారం సాయంత్రం దాకా ఉంటుంది. ఆదివారం సంత ఉండదు. సోమవారం పై హాలు మూసి ఉంటుంది. కాబట్టి మీకు శనివారమే మంచిది.

మేస్త్రె నుంచి లోకల్ రైలు అరగంట లోపే. స్టేషన్ బయటే ట్రామ్ ఎక్కి పోంతి రొమాని స్టాపులో దిగితే బజారు నాలుగు అడుగులు. ఊరంతా వసారాలే, వాన పడినా తడవరు. పైకి వెళ్ళడానికి మెట్లున్నాయి. లిఫ్ట్ సంగతి టికెట్ కౌంటర్‌లో అడగండి.

---

ఓరుగల్లు_రవి | సెప్టెంబరు 23, ఉదయం 7:10

నా మాట వేరే. బజారు చౌక్ అంటే వెరోనాకి వెళ్ళండి. అక్కడి చౌక్ పేరు కూడా పియాజ్జా దెల్లె ఎర్బె. రోమన్ల కాలంలో అదే ఊరి ఫోరం, అంటే జనం కూడే నడిబొడ్డు చౌక్. మధ్యలో 1368 నాటి ఫౌంటెన్, చుట్టూ బొమ్మలు వేసిన పాత మేడలు. పక్కనే 84 మీటర్ల లంబెర్తి బురుజు, దానికి లిఫ్ట్ ఉంది. అంకుల్‌కి మోకాళ్ళ బాధ ఉండదు. ఫొటోలకు వెరోనాని మించింది లేదు. పాదోవా చదువుకునే పిల్లల ఊరు, వెళ్ళి చూసేంత లేదని నాకనిపించింది.

---

పాదోవా_పవన్ | సెప్టెంబరు 23, ఉదయం 8:02

రవన్నా, వెరోనా అందం గురించి నాకు గొడవ లేదు. కానీ అక్కడి బల్లల మీద ఇప్పుడు ఎక్కువగా ఉండేది ఫ్రిజ్ మాగ్నెట్లు, టోపీలు, కప్పుల్లో కోసి పెట్టిన పళ్ళు. కొనేవాళ్ళు మనలాంటి టూరిస్టులు. ఇక్కడ కొనేది పక్క వీధి బామ్మలు. సుధక్క వాళ్ళ నాన్నగారు వెతికేది సరుకు, బేరం, తూకం అయితే అవి ఇక్కడే దొరుకుతాయి.

---

ఓరుగల్లు_రవి | సెప్టెంబరు 23, ఉదయం 8:30

అది నిజమే తమ్ముడూ. నేను పాదోవా వెళ్ళింది ఆదివారం. బల్లలే లేవు, అందుకే నాకు బోసిగా కనిపించిందేమో.

---

చరిత్ర_మాస్టారు | సెప్టెంబరు 23, మధ్యాహ్నం 2:15

సుధ గారూ, మీ నాన్నగారు వ్యాపారస్తులని చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. నేను రెండుసార్లు పాదోవా వెళ్ళాను. రెండోసారి కేవలం ఆ భవనం కోసమే.

పలాజ్జో దెల్లా రజోనె అంటే న్యాయభవనం. 1218 ప్రాంతంలో కట్టడం మొదలైంది. పైన కోర్టు, కింద అంగళ్ళు. 1306 తర్వాత ఫ్రా జొవాన్ని అనే సన్యాసి, ఓడను బోర్లించినట్టుండే పైకప్పును చెక్కతో కట్టించారు. హాలు పొడవు 80 మీటర్ల పైచిలుకు, వెడల్పు 27 మీటర్లు, మధ్యలో ఒక్క స్తంభం లేదు. మొదట్లో జొత్తో అనే పేరున్న చిత్రకారుడు వేసిన బొమ్మలుండేవి. 1420 అగ్నిప్రమాదంలో అవి పోయాయి. మళ్ళీ వేశారు, 300కు పైగా గడుల్లో నెలలు, రాశులు, గ్రహాలు, ఏ గ్రహం కింద పుట్టినవాడికి ఏ వృత్తి అబ్బుతుందన్న బొమ్మలు. మన పంచాంగం తెలిసినవాళ్ళు ఆ గోడల ముందు కొత్తగా నిలబడరు. మేషం, వృషభం, మిథునం గుర్తుపట్టుకుంటూ పోవచ్చు. 1756లో సుడిగాలికి కప్పు మొత్తం లేచిపోతే మళ్ళీ కట్టారు. ఇన్ని జరిగినా కింద కొట్లు మాత్రం మానలేదు.

పై హాలులో ఒక మూల నల్లటి రాతి పీట ఉంటుంది. అవమానపు రాయి అంటారు. అప్పు తీర్చలేనివాణ్ణి లోబట్టలతో జనం ముందు దాని మీద మూడుసార్లు కూర్చోబెట్టి, 'నా ఆస్తి వదులుకుంటున్నాను' అని లాటిన్‌లో చెప్పించి ఊరు వదిలి పొమ్మనేవారు. కటువుగా అనిపిస్తుంది కానీ అంతకుముందు అప్పులవాడికి జైలే గతి. 1231లో సెయింట్ ఆంథోని పట్టుబట్టి ఆ చట్టాన్ని మార్పించారు.

అన్నిటికన్నా ముఖ్యం, తిరిగి వచ్చేటప్పుడు భవనం కొసన వోల్తో దెల్లా కోర్ద అనే కమాను కింద ఆగండి. కోర్ద అంటే తాడు. మోసం చేసిన వ్యాపారులను అక్కడ తాడుతో కొట్టేవారట. అక్కడి తెల్లరాళ్ళ మీద ఊరి కొలతలు చెక్కి ఉన్నాయి. ఇటుక ఇంత ఉండాలి, ధాన్యం కొలత ఇంత, గుడ్డ కొలిచే మూర ఇంత అని. కొన్నవాడు అనుమానం వస్తే సరుకు తెచ్చి అక్కడే సరిచూసుకోవచ్చు. చాలామంది దాన్ని దాటుకుని వెళ్ళిపోతారు, బోర్డు కూడా పెద్దగా కనబడదు. మీ నాన్నగారు దాటిపోకూడదు.

---

తణుకు_సుధ | సెప్టెంబరు 23, సాయంత్రం 6:50

మాస్టారూ, మీ పోస్టు ఫోన్లో నాన్నగారికి చదివి వినిపించాను. 'కొలతలు గోడ మీదా!' అని రెండుసార్లు అన్నారు. పాదోవా ఖాయం. అక్టోబరు 11, శనివారం.

ఇక అమ్మ తిండి సంగతి చెప్పండి.

---

మిలానో_లలిత | సెప్టెంబరు 23, రాత్రి 8:15

సుధా, నేను పదకొండేళ్ళుగా మిలాన్‌లో ఉంటున్నాను, పూర్తి శాకాహారిని. అమ్మగారి కోసం కొన్ని జాగ్రత్తలు.

చీజు అన్నీ శాకాహారం కావు. పర్మెజాన్, గ్రానా పదానో రెండిటిలోనూ పాలు గడ్డకట్టడానికి దూడ పొట్ట నుంచి తీసే రెనెట్ అనే పదార్థం వాడతారు. పట్టింపు ఉంటే వద్దు. పిజ్జా అయితే 'మరినారా' అడగండి. టొమాటో, వెల్లుల్లి, ఒరెగానో, నూనె అంతే, చీజు ఉండదు. ఫొకాచ్చా రొట్టెలో ఒక్కోచోట పంది కొవ్వు కలుపుతారు. 'స్త్రుత్తో ఉందా' అని అడిగి తీసుకోండి. పొలెంతా అని మొక్కజొన్న పిండితో చేసేది దొరుకుతుంది, అచ్చం మన సంకటే. పచ్చడి వెంట ఉంటే అమ్మగారికి హాయి.

భవనం కింద కొట్లలోకి అమ్మగారిని తీసుకెళ్ళకండి. మాంసం వేలాడదీసి ఉంటుంది, ఆ ప్రాంతంలో గుర్రపు మాంసం కూడా అమ్ముతారు. చెప్పకుండా తీసుకెళ్తే ఆవిడ ఆ రోజంతా తినలేరు. బయట ఆకుకూరల బల్లల దగ్గరే ఉండమనండి. పళ్ళ చౌక్‌లో సాయంత్రం ఉడికించిన చిన్న ఆక్టోపస్‌లు అమ్మే బండి ఉంటుంది, అటు కూడా వద్దు.

ఇంకో మాట. పళ్ళు మనం చేత్తో ఏరుకోకూడదు. వేలు చూపిస్తే వాళ్ళే తీసి ఇస్తారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో టొమాటో నొక్కి చూశానని ఒకావిడ నా చేతిలోంచి తీసేసుకుంది. చాలా బాధపడ్డాను ఆ రోజు.

---

గుంటూరు_శ్రీను | సెప్టెంబరు 24, ఉదయం 6:45

కాఫీ గురించి. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, టేబుల్ దగ్గర కూర్చుంటే ఇంకో ధర. మేము ఆరుగురం ఒక చౌక్‌లో బయటి కుర్చీల్లో కూర్చుని కాఫీలు తాగితే, కౌంటర్ ధరకు మూడు రెట్లు బిల్లు వచ్చింది. అది మోసం కాదు, కార్డులో రాసే ఉంది, మేం చూసుకోలేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఎలాగూ కూర్చోవాలి కాబట్టి ముందే ధర చూసుకుని ప్రశాంతంగా కూర్చోండి. ఎంతసేపు కూర్చున్నా లేవమనరు.

---

పాదోవా_పవన్ | సెప్టెంబరు 24, మధ్యాహ్నం 1:20

కూర్చోవాలంటే బజారుకు రెండు నిమిషాల దూరంలో కాఫే పెద్రొక్కి ఉంది. 1831లో తెరిచారు. 1916 దాకా రాత్రింబవళ్ళు మూసేవారు కాదు, అందుకే 'తలుపుల్లేని కాఫే' అనేవారు. లోపల ఎర్ర గది, తెల్ల గది, ఆకుపచ్చ గది ఉన్నాయి. ఆకుపచ్చ గదిలో ఏమీ కొనకుండానే కూర్చుని పేపరు చదువుకునే ఆనవాయితీ ఉండేది, డబ్బుల్లేని విద్యార్థులకు అదే చలికాలపు చోటు. తెల్ల గది గోడలో తుపాకీ గుండు దెబ్బ ఇప్పటికీ ఉంది. 1848 ఫిబ్రవరి 8న ఆస్ట్రియా సైన్యం మీద విద్యార్థులు తిరగబడ్డప్పటిది. బయట వీధి పేరు కూడా ఆ తేదీయే. నేను రోజూ క్లాసుకు ఆ వీధిలోనే వెళ్తాను. గెలీలియో 1592 నుంచి 1610 దాకా పాఠం చెప్పిన బో అనే మా యూనివర్సిటీ పాత భవనం అక్కడే. మొదటి వారమంతా నాకు ఆ గుమ్మం దాటుతుంటే ఒళ్ళు పులకరించేది.

పుదీనా కాఫీ అక్కడి ప్రత్యేకం. పైన పచ్చటి పుదీనా క్రీము, దాని మీద కోకో పొడి. పంచదార వెయ్యకూడదు, కలపకూడదు.

ఇంకొకటి, అక్టోబరులో సంతలో జుజ్జొలె వస్తాయి. అవి మన రేగుపళ్ళ చుట్టాలే అక్కా! దగ్గర్లోని అర్క్వా పెత్రార్కా కొండల్లో పండుతాయి. కవి పెత్రార్కా చివరి రోజులు గడిపి 1374లో కన్నుమూసిన ఊరు అది.

---

తణుకు_సుధ | అక్టోబరు 13, రాత్రి 10:05

వెళ్ళొచ్చాం. వివరంగా రాస్తాను, మీరందరూ అంత ఓపిగ్గా చెప్పారు కదా.

పొద్దున తొమ్మిదిన్నరకు ఆకుకూరల చౌక్‌లో ఉన్నాం. వెనిస్‌లో రెండు రోజులూ నాన్నగారు మౌనంగా నా వెనకాల నడిచారు. ఇక్కడ నన్ను దాటి ముందుకు వెళ్ళిపోయారు. ఒక్కో బల్ల దగ్గరా ఆగి సరుకు ఎలా పేర్చారో చూడడం, ధరల చీటీలు చదవడం. ఎర్రటి ఆకుల రదిక్కియో కట్టలు, గుమ్మడికాయలు, ద్రాక్ష, పుట్టగొడుగులు. ఒక పళ్ళబల్ల దగ్గర అత్తిపళ్ళు అడిగాను. ఆయన 'ఓజ్జి ఓ దొమాని?' అన్నాడు, ఈ రోజుకా రేపటికా అని. ఈ రోజుకే అంటే మెత్తటివి ఏరి ఇచ్చాడు. నాన్నగారికి నేను చెప్పేలోపే అర్థమైపోయింది. 'నేనూ అరటిపళ్ళకు అదే అడిగేవాణ్ణి' అన్నారు. పళ్ళు ముట్టుకోనివ్వరని లలిత గారు చెప్పింది చెబితే, 'మంచి పద్ధతి, నొక్కినవాడు కొనడు, నొక్కిన పండు ఇంకెవడూ కొనడు' అన్నారు. ముప్పై నాలుగేళ్ళ అనుభవం మరి.

అమ్మ ఒకచోట పావుగంట నిలబడిపోయింది. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన ఆర్టిచోక్ కాయలు ఒలుస్తున్నాడు. ఎడమచేత్తో కాయ తిప్పుతూ, కుడిచేతిలో పొట్టి కత్తితో రేకులు చుట్టూ తీసేస్తే అడుగున తెల్లటి బిళ్ళ మిగులుతుంది. దాన్ని వెంటనే నిమ్మచెక్కలు తేలుతున్న నీళ్ళ బకెట్లో వేస్తున్నాడు. అమ్మ నన్ను మోచేత్తో పొడిచి, 'అరటిపువ్వు ఒలిచి మజ్జిగనీళ్ళలో వేసినట్టే, నల్లబడకుండా' అంది. ఆయన అమ్మ చూపు గమనించి కత్తి వేగం తగ్గించి, ఇంకో కాయ తీసి నెమ్మదిగా ఒలిచి చూపించాడు. భాష అవసరం పడలేదు. నాలుగు బిళ్ళలు కొన్నాం.

మెట్లు నాన్నగారు మెల్లగా ఎక్కారు, మధ్యలో రెండుసార్లు ఆగి. హాలు చూసి ముందు పైకప్పే చూశారు. అవమానపు రాయి దగ్గర కథ మళ్ళీ చెప్పమన్నారు. విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, మా ఊళ్ళో అప్పులిచ్చి తిరిగి రాక దివాలా తీసిన ఒకాయన గురించి చెప్పారు. ఆయన రాత్రికి రాత్రి కుటుంబంతో ఊరు విడిచి వెళ్ళిపోయారట. ఆ సంగతి నేను మొదటిసారి విన్నాను.

ఇక మాస్టారు చెప్పిన కమాను. నిజంగానే దాటిపోయాం, వెనక్కి వచ్చి వెతికితే కనబడింది. రాతిలో గీసిన ఆ ఇటుక కొలతను నాన్నగారు జానతో కొలిచారు. గుడ్డ కొలత పక్కన తన మోచెయ్యి పెట్టి చూశారు. మా తాతగారి కొట్లో సోల, తవ్వ, మానిక, కుంచం వరసగా బోర్లించి ఉండేవట. 1958 తర్వాత కిలోలు వచ్చాక కూడా చాలాకాలం పల్లెల నుంచి వచ్చేవాళ్ళు మానికతోనే అడిగేవారట. మానిక నింపి కర్రతో తలగొట్టి కొలవాలా, గుట్టగా పొయ్యాలా అని రోజూ తగువేనట. 'మా నాన్న కొలత మీద ఎవరూ మాట అనలేదు. అన్నవాడికి చూపించడానికి ఇలాంటి గోడ మాకు లేదు, నోటిమాటే' అన్నారు. చుట్టూ జనం వెళ్తూనే ఉన్నారు. ఆయన రాయి మీద చెయ్యి తియ్యలేదు. నేను ఫొటో తియ్యబోయి ఆగిపోయాను.

మధ్యాహ్నం పక్క చౌక్‌లో, పియాజ్జా దేయ్ సిన్యోరిలో, గడియారం బురుజు చూశాం. 24 గంటల గడియారం, చుట్టూ రాశులు. నాన్నగారిది తులారాశి. వెతికి వెతికి, 'తుల లేదేమిటి?' అన్నారు. మేము లెక్కపెడితే నిజంగానే పదకొండే ఉన్నాయి. కొట్టువాడి రాశి, త్రాసు గుర్తు, అదే లేదని ఆయనకు బాధ. మాస్టారూ, దీనికి కారణం చెప్పగలరా?

అక్కడే ఒక అమ్మాయి తలకు ఆకుల కిరీటం పెట్టుకుని, గోడకు అంటించిన పెద్ద కాగితం పైకి చదువుతోంది. స్నేహితులు చుట్టూ చేరి అరుస్తున్నారు. ఆ అమ్మాయికి అప్పుడే డిగ్రీ వచ్చిందట. అమ్మ దగ్గరికి వెళ్ళి నెత్తిన చెయ్యి పెట్టి దీవించింది. ఆ పిల్ల అమ్మను వాటేసుకుంది.

---

చరిత్ర_మాస్టారు | అక్టోబరు 14, ఉదయం 9:30

సుధ గారూ, మీ నాన్నగారి కన్ను గొప్పది. ఆ గడియారం చూసేవాళ్ళలో ఎక్కువమంది అది గమనించరు.

పాదోవాలో చెప్పుకునే కథ ఏమిటంటే, చేసినవాళ్ళకు సరిగ్గా కూలి ఇవ్వలేదని, న్యాయం లేనిచోట త్రాసు ఎందుకని తుల తీసేశారని. అసలు కారణం వేరు. పూర్వపు గ్రీకు పద్ధతిలో తులను విడిగా చూసేవారు కాదు, వృశ్చికం కొండిలుగా లెక్కించేవారు. అందుకే ఆ గడియారంలో తేలు రెండు రాశుల చోటు ఆక్రమించి ఉంటుంది. మొదటి గడియారం యాకొపో దొందీ 1344లో చేశారు. అది పాడయ్యాక 15వ శతాబ్దంలో దాని నమూనాలోనే ఇప్పుడున్నది చేశారు. మీ నాన్నగారికి చెప్పండి, తుల తేలు చేతుల్లో భద్రంగానే ఉందని.

---

ఓరుగల్లు_రవి | అక్టోబరు 14, ఉదయం 10:12

సుధ గారూ, చదివాను. ఈ డిసెంబరులో మా బాపును తీసుకుని నేనూ పోతున్నా, శనివారమే. ఆ ఆర్టిచోక్ పెద్దాయన బల్ల ఎటువైపు ఉంటుంది?

---

పాదోవా_పవన్ | అక్టోబరు 14, మధ్యాహ్నం 1:05

ఆకుకూరల చౌక్‌లో ఫౌంటెన్ పక్కన నిలబడి చూడండి రవన్నా, బకెట్లే కనిపిస్తాయి. ముందు రోజు మెసేజ్ పెట్టండి, క్లాసు లేకపోతే నేనే స్టేషన్‌కి వస్తా. సుధక్కా, రేగుపళ్ళు దొరికాయా?

---

తణుకు_సుధ | అక్టోబరు 14, రాత్రి 9:20

దొరికాయి పవన్! అమ్మ కిలోన్నర కొంది. భోగికి ఇంకా మూడు నెలలుందే అని మొదట బాధపడింది, తర్వాత రేగివడియాలు పెడతానంది. మ్యూనిక్‌లో ఈ నెలలో ఎండ ఎక్కడిది? నిన్న గింజలు తీసి, పళ్ళు దంచి, బెల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు కలిపింది. ఈ పళ్ళకు మనవాటంత పులుపు లేదు, అందుకని కాస్త చింతపండు గుజ్జు కూడా వేసింది. ఒవెన్ 60 డిగ్రీల మీద, తలుపు కొంచెం తెరిచి, మధ్యలో చెక్కగరిటె అడ్డం పెట్టి ఆరుగంటలు ఆరబెట్టాం. పైన ఎండాయి, లోపల ఇంకా మెత్తగా ఉన్నాయి. రేపు ఇంకో మూడు గంటలు పెడతానంటోంది. నువ్వు అడ్రస్ పంపు, ఒక డబ్బా పోస్టు చేస్తాను.